‘ఏక్ దూజే కే లియే’: భాష రాని ప్రేమికుడికి పాట దొరికిన వైనం

హిందీ సినిమా ‘ఏక్ దూజే కే లియే’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చేత పాడించాలని దర్శకుడు కె. బాలచందర్ పట్టుపట్టినప్పుడు, సంగీత దర్శకులు లక్ష్మీకాంత్–ప్యారేలాల్ జంటలో లక్ష్మీకాంత్‌కు అది అంతగా రుచించలేదు. మద్రాసు గాయకుడు హిందీ మాటలు ఎలా పలుకుతాడోనని ఆయన అనుమానం. దానికి బాలచందర్ ఏం జవాబిచ్చారో బాలు తర్వాతి రోజుల్లో చాలాసార్లు చెప్పుకొచ్చారు. సినిమాలో హీరో హిందీ రాని తమిళ కుర్రాడు. అలాంటప్పుడు పాటలో ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయితే పాత్రకు నప్పుతుందే గాని నష్టం లేదు కదా అన్నది ఆయన వాదన. ఆ మాటే నెగ్గింది. 1981 జూన్‌లో సినిమా వచ్చింది. ఆ ఏటి ఉత్తమ గాయకుడి జాతీయ అవార్డు ‘తేరే మేరే బీచ్ మే’ పాటకు బాలు అందుకున్నారు.

ఈ ముచ్చట ఎక్కడ చెప్పినా మనవాడు బొంబాయి వెళ్లి నెగ్గుకొచ్చాడన్న సంతోషం దగ్గరే ఆగిపోతుంది. నిజానికి బాలచందర్ ఇచ్చిన జవాబులో ఆ సినిమా సంగీతం మొత్తానికీ వర్తించే సూత్రం ఉంది. పాట ఎవరు పాడాలి, ఏ భాషలో పాడాలి, ఎంతసేపు పాడాలి అనేది ఆ క్షణానికి పాత్రకు ఎంత భాష వచ్చో దాన్నిబట్టి తేలాలి. హిందీ ప్రేమకథల్లో పాటలకు కొదవలేదు. హీరోకు భాష రాకపోవడమనే ఇబ్బంది మీద పాటల వరస కట్టిన సినిమా మాత్రం అరుదు. ఆ వరస మన తెలుగులోంచి వెళ్లింది. అందుకే ఈ సినిమా పాటల్ని దీనికి మూలమైన తెలుగు ‘మరో చరిత్ర’ పాటల పక్కన పెట్టుకుని వింటే తప్ప వాటి నిర్మాణం పూర్తిగా అర్థం కాదు.

కథ తెలిసిందే. 1978లో వచ్చిన తెలుగు సినిమాలో హీరో పేరు కూడా బాలూయే, తమిళ అబ్బాయి. స్వప్న తెలుగు అమ్మాయి. పక్కపక్క ఇళ్లు, విశాఖ తీరం, భీమిలి రాళ్లు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దవాళ్లు ఒప్పుకోరు. చివరికి ఒక షరతు పెడతారు. ఏడాదిపాటు కలుసుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు, ఆ తర్వాత కూడా ఇదే ప్రేమ ఉంటే పెళ్లి చేస్తారు. ఆ ఏడాదిలోనే అబ్బాయి, భర్త పోయిన సంధ్య అనే అమ్మాయి దగ్గర, భాష నేర్చుకుంటాడు. హిందీలో బాలు వాసు అయ్యాడు, స్వప్న సప్నా అయింది, విశాఖ గోవా అయింది. కమల్ హాసన్ రెండింట్లోనూ హీరో, రెండు సినిమాల్లోనూ సంధ్యగా వేసింది మాధవే. సరిత స్థానంలో రతీ అగ్నిహోత్రి వచ్చింది. బి.ఎస్. లోకనాథ్ కెమెరా నలుపు తెలుపుల నుంచి రంగుల్లోకి మారింది.

ఇంత దగ్గరగా ఉన్న రెండు సినిమాల మధ్య పైకి కనపడని తేడా ఒకటుంది. అది తెర ముందు కూర్చున్నవాళ్లకు సంబంధించింది. ‘మరో చరిత్ర’ మద్రాసు సఫైర్ థియేటర్లో 596 రోజులు ఆడింది, అదీ తమిళంలోకి డబ్ చేయకుండా. ఎలా ఆడిందన్నదానికి జవాబు కథలోనే ఉంది. తెలుగు ప్రేక్షకుడు స్వప్న పక్షాన కూర్చుంటాడు, ఎదుటి కుర్రాడి తమిళం అర్థం కాక ఆమెతోపాటే తడబడతాడు. తమిళ ప్రేక్షకుడు బాలు పక్షాన కూర్చుని అదే అవస్థ అటునుంచి పడతాడు. ఒకే రీలు, రెండు వైపులా సరిపోయింది. హిందీలో ఆ వెసులుబాటు లేదు. కాన్పూరులోనో ఇండోరులోనో కూర్చున్న ప్రేక్షకుడికి వాసు మాట్లాడే తమిళం పూర్తిగా బయటి భాష. అతన్ని ప్రేక్షకుడి మనసుకు దగ్గర చేసే పని మాటలతో అయ్యేది కాదు. ఆ బరువంతా పాటల మీద పడింది.

సిలకా నుంచి సోర్ దాకా

ఆ బరువు మోయడానికి కావలసిన మనుషులు నిర్మాత ఎల్.వి. ప్రసాద్ దగ్గర అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టి, తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లోనూ తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ వేషాలు వేసిన మనిషి ఆయన. దక్షిణాది కథను ఉత్తరాదికి చేర్చడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. హిందీలో సినిమా అంటే చాలాకాలం ఆయనకు లక్ష్మీకాంత్–ప్యారేలాల్ సంగీతం, ఆనంద్ బక్షీ సాహిత్యం. ‘మిలన్’, ‘జీనే కీ రాహ్’, ‘ఖిలోనా’ అన్నీ ఆ కలయికలో వచ్చినవే.

వీటిలో ‘మిలన్’ దగ్గర కాస్త ఆగాలి. 1967లో వచ్చిన ఆ సినిమా మన ‘మూగ మనసులు’కు హిందీ రూపం, దర్శకుడు అదే ఆదుర్తి సుబ్బారావు. తెలుగులో ఆత్రేయ రాసిన ‘నా పాట నీ నోట పలకాల సిలకా’ తెలియనివాళ్లుండరు. పడవ నడిపే గోపి అమ్మాయిగారికి పాట నేర్పుతాడు. చదువుకున్న ఆమె ‘చిలకా’ అంటుంది. చదువు లేని అతను చిలకా కాదు, సిలకా అని దిద్దుతాడు. శుద్ధంగా పలకడమే తప్పయిపోయే ఆ చమత్కారమే పాటకు ప్రాణం. దీన్ని హిందీలోకి ఎలా తేవాలి? చిలకను అనువదిస్తే ఒరిగేదేమీ లేదు. బక్షీ ‘సావన్ కా మహీనా’ రాశారు. అందులో లత ‘శోర్’ అని పాడితే ముకేశ్ శోర్ కాదు, సోర్ అని సవరిస్తాడు. చిలక లేదు, కె.వి. మహదేవన్ ట్యూన్ లేదు, గోదారి యాస స్థానంలో పల్లె హిందీ వచ్చింది. కానీ పాట చేసే పని చెక్కుచెదరలేదు. మాట నేర్పుతున్న వంకతో ఇద్దరి మధ్య దూరం ఎంతో, దగ్గరితనం ఎంతో రెండూ ఒకేసారి తెలుస్తాయి. ‘మిలన్’ సంగీతానికి లక్ష్మీకాంత్–ప్యారేలాల్‌కు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది.

పద్నాలుగేళ్ల తర్వాత అదే నిర్మాత, అదే సంగీత దర్శకులు, అదే కవి మళ్లీ ఆత్రేయ పాటల ముందు కూర్చున్నారు. ఈసారి ఒక పాటలో చమత్కారం కాదు, సినిమా మొత్తం భాష గురించే. ‘మరో చరిత్ర’కు ఎం.ఎస్. విశ్వనాథన్ కట్టిన ట్యూన్లు అప్పటికే దక్షిణాదిలో మార్మోగిపోయినవి. వాటిలో ఒక్కటీ హిందీకి వెళ్లలేదు. వెళ్లింది పాటల వెనకున్న ఆలోచన. ఈ ముఠాకు అది అలవాటైన పద్ధతే.

తేరే మేరే బీచ్ మే

‘ఏ తీగ పూవునో ఏ కొమ్మ తేటినో’ పాటను సుశీల పాడుతుంటే కమల్ గొంతు మధ్యలో ‘అప్పడీన్నా?’ అని అడ్డం వస్తుంది. అంటే ఏమిటి అని తమిళంలో అడగడం అది. అర్థం కాలేదా అని ఆమె నవ్వుకుంటూ మళ్లీ పాట అందుకుంటుంది. ఎక్కడో పూసిన పువ్వుకూ ఎక్కడో తిరిగే తుమ్మెదకూ ఏ వింత అనుబంధం కలిసిందో అని పాట ఆశ్చర్యపోతూ ఉంటే, ఆ వింత ఎదురుగానే నిలబడి ‘అంటే?’ అని అడుగుతోంది. భాష రానివాడు ప్రేమగీతం పాడేయడం అబద్ధం అవుతుంది గనక అతని చేత పాడించలేదు. తెలుగు సినిమా పాటల్లో ఇంత నిజాయితీ ఉన్న యుగళగీతం ఇంకొకటి చూపడం కష్టం. అసలు దీన్ని యుగళగీతం అనాలో లేదో కూడా తేలదు.

హిందీలో ఈ పాట స్థానంలో వచ్చిందే ‘తేరే మేరే బీచ్ మే’. నీకూ నాకూ మధ్య ఉన్న ఈ తెలియని బంధం ఏమిటి, నాకూ తెలియదు, నీకూ తెలియదు అని మొదలవుతుంది. ఆత్రేయ ‘వింత అనుబంధం’ బక్షీ దగ్గర ‘అన్‌జానా బంధన్’ అయింది. పువ్వు, తుమ్మెద, తీగ, కొమ్మ మాత్రం పోయాయి. బక్షీ వాటి బదులు ఒక పచ్చిదారం తెచ్చారు. ఒకరు లాగితే రెండోవారు పరుగెత్తుకొస్తారు, అంత పలచని దారానికే కట్టుబడి. పాట అమరిక కూడా మన పాటదే. లత పాడుతుంది, అబ్బాయి తమిళంలో మాట కలుపుతాడు. లోకంలో ఎన్ని భాషలున్నా ప్రేమకు ఒకటే భాష అని ఒక చరణంలో వచ్చే మాట కాస్త అరిగిపోయిన మాటే. ఆత్రేయ ఇంత విప్పి చెప్పలేదు, ‘అప్పడీన్నా?’తో సరిపెట్టారు. ఇక్కడ తెలుగు పాటకే ఎక్కువ మార్కులు పడతాయి.

హిందీ పాట తన గెలుపును ఇంకోచోట దాచుకుంది. ఈ ట్యూన్‌లో శివరంజని ఛాయలున్నాయి. మధ్యమం, నిషాదం లేని ఐదు స్వరాల రాగం అది, మన సినిమా శ్రోతకు బాగా చెవికెక్కిన రాగం. దాని గుణం ఏమిటంటే నడక కొంచెం చురుగ్గా ఉంటే ముద్దుగా వినిపిస్తుంది, కాస్త నెమ్మదించగానే గొంతులో దుఃఖం దిగుతుంది. స్వరాలు మార్చనక్కర్లేదు. లక్ష్మీకాంత్–ప్యారేలాల్ ఆ గుణాన్ని పూర్తిగా వాడుకున్నారు. ఇదే పాట ఎడబాటులో మళ్లీ వస్తుంది. అప్పుడు లత లేదు, తమిళ ముక్కలు లేవు. బాలు ఒక్కరే మొత్తం హిందీలో పాడతారు.

ఈ రెండింటి మధ్య కథలో జరిగిందేమిటో గుర్తు తెచ్చుకుంటే ఏర్పాటు తెలుస్తుంది. ఆమె పాడుతుంటే అర్థం కాక నిలబడిన కుర్రాడు ఇప్పుడు ఆమె భాష నేర్చుకున్నాడు. ఆమె పాటను ఆమె మాటల్లోనే పాడగలడు. పాడటానికి ఎదురుగా ఆమె లేదు. ఈ ఘట్టానికి వేరే విషాద గీతం రాయించడం చాలా తేలిక, హిందీ సినిమాలో అదే రివాజు. పాత పాటనే మళ్లీ తెచ్చి గొంతు మార్చడంతో, మాటల్లో చెప్పకుండానే ఏడాది శ్రమంతా వినిపించింది. బాలు పాడిన తీరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. రోదన లేదు, ఊపిరి మాత్రం పదాల మధ్య కొంచెం ఎక్కువగా వినిపిస్తుంది. పల్లవి చివర గొంతు పెంచాల్సిన చోట తగ్గిస్తారు. అంతకు రెండేళ్ల ముందు ‘శంకరాభరణం’తో తొలి జాతీయ అవార్డు తెచ్చుకున్న గాయకుడు ఇక్కడ సంగీత ప్రతిభ చూపించాలన్న ఆరాటం ఎక్కడా పడలేదు.

మరి ఉచ్చారణ? లక్ష్మీకాంత్ భయపడినంత ఏమీ జరగలేదు. దానికి కారణం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత్ర తమిళుడిది, గొంతు తెలుగువాడిది. ఖ, ఘ, ఛ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు మన అక్షరమాలలో ఉన్నాయి, తమిళంలో లేవు. ‘ధాగా’ అనో ‘బంధన్’ అనో తెలుగువాడు పలకడానికి నాలుక తిప్పుకోనక్కర్లేదు. హీరో పాడే పల్లవుల్లో కనిపించే బంధన్, ఇతిహాస్, జీవన్ సాథీ వంటివి కూడా దక్షిణాది చెవికి చుట్టాల్లాంటివే. అందుచేత బాలచందర్ ముందుగా అడిగి పెట్టుకున్న మినహాయింపు చివరికి దాదాపు వాడుకోవలసిన అవసరమే రాలేదు. బాలు పాటల్లో హిందీ, కమల్ నోటి హిందీ కంటే సాపుగా ఉంటుంది. పాత్ర నిజానికి కట్టుబడి చూస్తే ఇది చిన్న లోపమే. వినేవాళ్లు ఎవరూ ఆ ఫిర్యాదు చేయలేదు.

ఇంగ్లీషు వంతెన, లిఫ్టులో పేర్ల దండ

‘భలే భలే మగాడివోయ్’లో ఆమె తెలుగులో పాడితే అతను ఇంగ్లీషులో జవాబిస్తాడు. నువ్వేమంటున్నావో నాకు తెలియదు గాని నేను చెప్పాల్సింది చాలా ఉందని అతని గొడవ. 1970ల చివర్లో చదువుకున్న కుర్రాడు పరాయి రాష్ట్రంలో పడితే మొదట ఏ భాష తీస్తాడో ఆ పాటలో అదే ఉంది. అది ఉద్యోగానికీ పోస్టాఫీసుకీ పనికొచ్చే భాష, ప్రేమకు చాలదు. ఆ చాలకపోవడాన్నే పాట హుషారుగా ఆడుకుంటుంది. ‘హమ్ బనే తుమ్ బనే’ ఆ వరసలోదే, దానిలోనూ ఇంగ్లీషు మాటలు దొర్లుతాయి. సినిమా పేరు వచ్చింది ఈ పల్లవిలోంచే. లత, బాలు పోటీపడి పాడారు. కాకపోతే ఎల్.ఆర్. ఈశ్వరి గొంతులో ఉన్న అల్లరి లతలో లేదు, ఆ గొంతుకు అల్లరి కంటే మర్యాద ఎక్కువ.

లిఫ్టు పాట సంగతి వేరు. ఇద్దరూ లిఫ్టులో ఇరుక్కుంటారు, సినిమా పేర్లే మాటలుగా పాట సాగుతుంది. తెలుగులో ‘కలసి ఉంటే కలదు సుఖం’తో ఎత్తుకుని ఆత్రేయ మన సినిమా పేర్లన్నీ దండ గుచ్చారు. అనువాదానికి అస్సలు లొంగని సరుకు ఇది. బక్షీ కొత్తగా పేర్లు ఏరుకుని ‘మేరే జీవన్ సాథీ, ప్యార్ కియే జా’ అని మొదలెట్టి జవానీ దివానీ, ఖూబ్‌సూరత్, జిద్దీ, పడోసన్ మీదుగా సత్యం శివం సుందరం దాకా వెళ్తారు. పేర్లన్నీ నిజం సినిమాలే, అయినా వరసగా వింటే అందమైన మొండి పక్కింటి పిల్లను బతిమాలుతున్నట్టే ఉంటుంది. చివరి పేరున్న సినిమాకు సంగీతం ఈ జంటదే కావడం ఒక కొసమెరుపు.

సరదా కోసం పెట్టిన పాటలా కనిపించినా దీనికీ లెక్క ఉంది. హిందీ రాని దక్షిణాది కుర్రాడికి హిందీలో వచ్చేవి ఏవంటే సినిమా పేర్లే. వ్యాకరణం అక్కర్లేదు, క్రియాపదం అక్కర్లేదు, పేరు పక్కన పేరు పెడితే చాలు, మిగతాది ట్యూన్ చూసుకుంటుంది. నిజంగా అప్పట్లో దక్షిణాదిలో చాలామందికి హిందీ వచ్చింది బడిలో కంటే సినిమా హాల్లోనే. అనురాధా పౌడ్వాల్ పాడిన తీరులో కోపం నటిస్తున్న నవ్వు వినిపిస్తుంది. ఈ పాటకు లత కాకుండా ఆమె గొంతు ఎంచుకోవడం మంచి పని.

దండాలు, సలాములు

‘పదహారేళ్లకు నీలో నాలో’ పాటలో జానకి ఆ ప్రాయం చేసే చిలిపి పనులకు కోటి దండాలు, శతకోటి దండాలు పెడుతుంది. ‘సోలహ్ బరస్ కీ బాలీ ఉమర్ కో సలామ్’ ఆ పాటకు అన్నిటికంటే దగ్గరి అనువాదం. పదహారేళ్లు పదహారేళ్లుగానే ఉన్నాయి, దండం సలాం అయింది. అయితే తెలుగు పాట పల్లవి నుంచే నేరుగా మొదలైతే, హిందీ పాటకు ముందు అనూప్ జలోటా గొంతులో ఒక సాకీ వస్తుంది. ఏ నిప్పురవ్వనైనా ఆర్పవచ్చు గాని మనసుకు అంటుకున్నదాన్ని నదులూ సముద్రాలూ ఆర్పలేవన్నది దాని భావం. భజనలతో పేరు తెచ్చుకున్న గొంతు అది. ఎవరో దారినపోయే ఫకీరు పాడి వెళ్లినట్టుగా ఉంటుంది, ఆ తర్వాత లత అందుకుంటుంది.

రావల్పిండిలో పుట్టిన బక్షీకి ఉర్దూ మీద ఉన్న పట్టు ఈ పాటలో బయటపడింది. ఒక చరణంలో ఇక్కడ మనం కలుసుకునేవాళ్లమని రాసి ఉందని అంటూ, ఆ రాతలోని ‘జేర్ ఓ జబర్’కూ సలాం అంటుంది అమ్మాయి. ఉర్దూలో అక్షరం కిందా పైనా పెట్టే గుర్తులవి. మన గుడి దీర్ఘాలకు, ఒత్తులకు దండం పెట్టినట్టు. ప్రేమికులు బండరాళ్ల మీద పేర్లు రాసుకోవడం ఎన్నో సినిమాల్లో చూసిందే. రాసిన పేరుకు కాకుండా పేరులోని గుణింతపు గుర్తుకు మొక్కడం మాత్రం భాషే అడ్డుగోడ అయిన కథలో తప్ప ఇంత అందంగా కుదరదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే సినిమా మొత్తం పాటల్లో బక్షీ సొంత ముద్ర పడిన చోటు ఇదే. ఆ ఏటి ఫిల్మ్‌ఫేర్ సాహిత్యం అవార్డు ఆయనకు ‘తేరే మేరే బీచ్ మే’కు వచ్చింది. ఈ పాటకు వచ్చి ఉంటే ఇంకా బాగుండేది.

యాభై దాటిన లత పదహారేళ్ల పిల్లకు పాడటం గురించి అప్పట్లోనూ ఇప్పుడూ గుసగుసలు ఉన్నాయి. మిగతా పాటల మాట ఎలా ఉన్నా ఇక్కడ ఆ వయసు కలిసొచ్చింది. ఆ ప్రాయానికి సలాం చేస్తున్నది ఆ ప్రాయంలో ఉన్న గొంతు కాదు, దాన్ని దాటి వచ్చి వెనక్కి తిరిగి చూస్తున్న గొంతు. జానకి పాటలో స్వప్నే పాడుతున్నట్టు ఉంటుంది, లత పాటలో కాలం పాడుతున్నట్టు ఉంటుంది.

‘హమ్ తుమ్ దోనోం జబ్ మిల్ జాయేంగే’ మీద చర్చ తక్కువ జరుగుతుంది, పాటగా మిగతావాటి స్థాయిలో నిలవదు కూడా. మనమిద్దరం కలిస్తే కొత్త ఇతిహాసం సృష్టిస్తామని, కలవలేకపోయినా సృష్టిస్తామని అందులో వస్తుంది. కొత్త ఇతిహాసం అంటే మరో చరిత్రే. హిందీ సినిమా పోస్టరు మీద కనపడని తెలుగు పేరు పాటలోపల ఇలా బతికే ఉంది. ముగింపు తెలిసి వింటే ఈ సరదా పల్లవే వెన్నులో చలి పుట్టిస్తుంది.

పాటలు ఆగిన చోట

ఇంత కట్టుదిట్టంగా పాటలు అల్లిన సినిమా ఆఖరి అరగంటలో ఆ దారి వదిలేస్తుంది. భాష నేర్చుకున్నాడు, గడువు తీరింది, పెద్దవాళ్లు కూడా దిగివచ్చారు. కథ ఎత్తుకున్న సమస్య అక్కడికి తీరిపోయింది. ఆ తర్వాత ప్రేమికుల్ని చంపేది భాషా కాదు, పెద్దల పంతమూ కాదు. అపార్థం చేసుకుని సంధ్య అన్న పంపిన గూండాలు ఒకవైపు, అమ్మాయి మీద కన్నేసిన ఒక దుర్మార్గుడు చేసిన అత్యాచారం ఇంకోవైపు. తెలుగులోనూ ఇదే ముగింపు. బాలచందర్‌కు ప్రేక్షకుణ్ని కుదిపి వదలాలన్న కోరిక ఎప్పుడూ ఉండేది, ఇక్కడ ఆ కోరికే కథ మీద సవారీ చేసింది. సినిమా చూసి యువజంటలు ప్రాణాలు తీసుకున్నాయన్న వార్తలు ఆ రోజుల్లో రావడం ఈ ముగింపు మీద మాయని మచ్చ. సినిమాను మెచ్చుకునేవాళ్లు కూడా దాన్ని దాటవేయలేరు.

తెలుగు, హిందీ రూపాల్లో ఏది మేలు అనే తగువు మన దగ్గర ఎప్పటికీ తెగదు. నటన వరకైతే తీర్పు సులభం. తొలి సినిమాలోనే సరిత చేసిన స్వప్నను రతీ అగ్నిహోత్రి అందుకోలేదు. తల్లి తగలబెట్టిన ఫొటో బూడిదను కలుపుకుని తాగేసే సన్నివేశంలో సరిత కళ్లలో కనిపించే మొండితనం ముందు రతి అందం ఏ మాత్రం సాయపడదు. సంగీతంలో మాత్రం ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి వీల్లేదు. విశ్వనాథన్ పాటలు కథలోంచి విడదీస్తే కొంచెం ఒంటరివాళ్లలా ఉంటాయి. లక్ష్మీకాంత్–ప్యారేలాల్‌వి కథ తెలియకపోయినా రేడియోలో దర్జాగా నిలబడతాయి. వయొలిన్ల గుంపు, ఢోలక్ నడక, ఒక్కసారి వింటే పట్టుబడే పల్లవి వాళ్ల బలం. 1978 నుంచి 1981 దాకా వరసగా నాలుగేళ్లు ఫిల్మ్‌ఫేర్ సంగీత పురస్కారం వాళ్లకే వచ్చిందంటే బొంబాయి చెవి వాళ్లకు ఎంత బాగా తెలుసో ఊహించవచ్చు. ఆ నాలుగింటిలో ఒకటైన ‘సర్గమ్’ కూడా మన ‘సిరిసిరిమువ్వ’కు రీమేక్.

ఈ పద్ధతి ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. 1990ల్లో ‘రోజా’ హిందీకి వెళ్లినప్పుడు ఎ.ఆర్. రెహమాన్ ట్యూన్లు అలాగే వెళ్లాయి, వాటి కొలతకు హిందీ మాటలు పొదిగారు. దేశమంతా ఒకే ట్యూన్ వినడం అప్పటినుంచి మామూలైపోయింది. ఇవాళ్టి పాన్ ఇండియా సినిమాల్లో ఒకే పాట ఐదు భాషల్లో ఒకే రోజు విడుదలవుతోంది. ఖర్చు కలిసొస్తుంది, ప్రచారం సులువవుతుంది. కానీ పెదవుల కదలికకు మాట కుదిర్చే టెన్షన్‌లో ఆ పాట ఆ భాషవాళ్లకు ఏం చెప్పాలన్న ఆలోచనకు చోటు తక్కువ. చిలకను సోర్ చేసే తీరుబడి కవికి దొరకడం లేదు.

బాలు విషయానికొస్తే, జాతీయ అవార్డు వచ్చినా బొంబాయి వెంటనే తలుపులు బార్లా తెరవలేదు. ఆ ఏటి ఫిల్మ్‌ఫేర్ గాయకుడి పురస్కారం ‘లవ్ స్టోరీ’ పాటకు అమిత్ కుమార్‌కు వెళ్లింది. ఆ తర్వాత కూడా బాలును పిలిచిందంటే ఎక్కువగా కమల్ కోసమే. 1985లో వచ్చిన ‘సాగర్’లో ఆర్.డి. బర్మన్ దగ్గర పాడింది ఆ ఖాతాలోదే. దక్షిణాది హీరోకు దక్షిణాది గొంతు అన్న బాలచందర్ లాజిక్ ఆయనకు తలుపు తీసింది, అదే లాజిక్ కొన్నాళ్లు గడపలో నిలబెట్టింది. 1989లో ‘మైనే ప్యార్ కియా’ వచ్చింది. హీరో ప్రేమ్ ధనవంతుల ఇంటి ఉత్తరాది కుర్రాడు, సల్మాన్ ఖాన్ వేశాడు. తమిళ యాస లేదు, ఏ మినహాయింపూ అడగాల్సిన పని లేదు. హీరో పాటలన్నీ బాలు పాడారు, ఈసారి ఫిల్మ్‌ఫేర్ కూడా ఆయనకే ఇచ్చింది.